అవయవ మార్పిడి తర్వాత చర్మం మీద పొక్కు: కంటికి కనిపించేది ఎందుకు సరిపోదు

పిక్క మీద చర్మం ఎర్రబడి, వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంటే సెల్యులైటిస్ అనుకోవడం సహజం. స్ట్రెప్టోకాకస్, స్టెఫైలోకాకస్ లాంటి బ్యాక్టీరియా చర్మం లోపలి పొరల్లో చేరితే ఇలా అవుతుంది. సరైన యాంటీబయాటిక్ పడితే రెండు మూడు రోజుల్లో నొప్పీ వాపూ తగ్గుముఖం పడతాయి. కిడ్నీ మార్పిడి జరిగి రెండు మూడేళ్లయిన మనిషి అదే ఎరుపుతో, అదే వాపుతో వచ్చినప్పుడు కూడా చాలాసార్లు కారణం ఆ బ్యాక్టీరియాయే. కొన్నిసార్లు మాత్రం అది క్రిప్టోకాకస్ అనే ఫంగస్. పక్షుల రెట్టలు, ముఖ్యంగా పావురాల రెట్టలు కలిసిన మట్టిలో ఉండే ఈ ఫంగస్ గాలితో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, అక్కడి నుంచి రక్తంలో కలిసి చర్మానికీ మెదడు పొరలకూ చేరుతుంది. కాలిని చూసి ఈ రెండింటినీ విడదీయడం అనుభవమున్న డాక్టర్లకు కూడా కష్టమే. మొదటి యాంటీబయాటిక్ పనిచేయలేదని రెండోది, అదీ పనిచేయలేదని మూడోది రాసుకుంటూ పోతే ఈలోగా ఫంగస్ తన దారిన తాను పోతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఎరుపు, వేడి, వాపు, చీము, జ్వరం అనేవి చాలావరకు క్రిమి చేసే పనులు కావు. క్రిమి మీద మన ఒంటి రక్షణ వ్యవస్థ చేసే పోరాటానికి గుర్తులు. చీములో ఎక్కువ భాగం చచ్చిన తెల్ల రక్తకణాలే. అవయవ మార్పిడి తర్వాత వాడే మందుల పనే ఈ పోరాటాన్ని అణచడం. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ అనే మందులు టి కణాలనే తెల్ల రక్తకణాలను మేలుకోనివ్వవు. మైకోఫెనోలేట్ లింఫోసైట్లను పెరగనివ్వదు. ప్రెడ్నిసొలోన్ తెల్ల రక్తకణాలను రక్తంలోనే తిప్పుతూ దెబ్బ తగిలిన చోటికి పోనివ్వదు, జ్వరాన్ని కూడా దించుతుంది. అందుకే కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఉంటుంది. ఆ మేలుతో పాటు వచ్చే కీడు ఏమిటంటే, లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా పైకి చిన్న ఎర్ర మచ్చో, నొప్పి లేని గడ్డో మాత్రమే కనిపించవచ్చు. జ్వరం లేదు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. రక్తపరీక్షలో తెల్ల కణాల లెక్క కూడా అంతే. స్టెరాయిడ్ వల్ల అది ఊరికే పెరిగి కనిపిస్తుంది, మైకోఫెనోలేట్ వల్ల ఊరికే తగ్గి కనిపిస్తుంది.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో ఈ బాధ లేదు. దాత, గ్రహీత ఇద్దరూ ఒకే పోలికల కవలలు కాబట్టి అణచివేత మందుల అవసరం పడలేదు. ఆ అదృష్టం లేని మిగతా అందరికీ జీవితాంతం మందులు తప్పవు. మోతాదు తగ్గితే అవయవానికి ముప్పు, పెరిగితే ఇన్ఫెక్షన్లకు తలుపు తెరిచినట్టు. డాక్టర్లు ఈ రెండింటి మధ్యే నడవాలి.

క్రిప్టోకాకస్ దగ్గర ఇంకో విచిత్రం ఉంది. టాక్రోలిమస్ అణచే కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ మన టి కణాల్లోనే కాదు, ఈ ఫంగస్‌లోనూ ఉంటుంది. 37 డిగ్రీల వేడిలో పెరగాలంటే ఫంగస్‌కు అది కావాలి. ల్యాబ్‌లో చూస్తే టాక్రోలిమస్ ఆ వేడిలో ఫంగస్‌ను ఎదగనివ్వదు, చల్లటి వాతావరణంలో మాత్రం ఈ మందు ఆట సాగదు. శరీరం లోపల 37 డిగ్రీలు ఉంటుంది కానీ కాళ్ల, చేతుల చర్మం అంతకంటే చల్లగా ఉంటుంది. టాక్రోలిమస్ వాడేవారిలో క్రిప్టోకాకస్ మెదడు జోలికి కాస్త తక్కువగా, చర్మం, మెత్తని కణజాలాల జోలికి ఎక్కువగా పోవడానికి ఇదొక కారణమని పరిశోధకుల అంచనా. వైద్యంలో ఇంత తేటగా అర్థమయ్యే కారణాలు తరచుగా దొరకవు. అలాగని మెదడుకు ముప్పు లేదనుకోకూడదు. చర్మంలో క్రిప్టోకాకస్ దొరికితే రక్తంలో దాని యాంటిజెన్ పరీక్షతో పాటు వెన్ను నీరు కూడా తీసి చూడాల్సిందే.

ఎన్ని నెలలైంది అన్నది మొదటి ప్రశ్న

చర్మం మీది గుర్తు ఎలా ఉందో చూసేముందు ఆపరేషన్ అయి ఎంతకాలమైందో అడగాలి. మొదటి నెలలో వచ్చేవి ఎక్కువగా ఏ పెద్ద ఆపరేషన్ తర్వాతైనా వచ్చేవే. కుట్ల దగ్గర చీము, సెలైన్ సూది గుచ్చిన చోట వాపు, ఆసుపత్రిలో తిరిగే మొండి బ్యాక్టీరియా. హెర్పిస్ వైరస్ తిరగబెట్టడం కూడా ఈ రోజుల్లోనే మొదలవుతుంది. దాత అవయవంతో పాటు వచ్చే ఇన్ఫెక్షన్లు అరుదైనా, అవి కూడా సాధారణంగా తొలి వారాల్లోనే బయటపడతాయి.

రెండో నెల నుంచి ఆరో నెల దాకా అణచివేత గట్టిగా ఉండే కాలం. ఆరోగ్యవంతుల జోలికి రాని క్రిములు అదను చూసి లేచేది అప్పుడే. నోకార్డియా అనే బ్యాక్టీరియా, బూజు ఫంగస్‌లు, సైటోమెగలో వైరస్ ఈ జాబితాలోవి. ఈ కాలంలో ముందు జాగ్రత్తగా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్, కోట్రైమోక్సజోల్ వల్ల చాలావాటికి అడ్డుకట్ట పడుతుంది. అయితే ఆ మందులు ఆపాక అవే జబ్బులు ఆలస్యంగా రావచ్చు. వాల్‌గాన్‌సైక్లోవిర్ సైటోమెగలో వైరస్ కోసం ఇచ్చినా హెర్పిస్‌నూ అక్కినీ కూడా అణచి ఉంచుతుంది. కోర్సు ముగిసిన తర్వాతి నెలల్లో అక్కి కనిపించడం వెనుక కారణం అదే.

ఆరు నెలలు దాటాక, అవయవం బాగా పనిచేస్తూ మందుల మోతాదు తగ్గినవారికి అందరికీ వచ్చే ఇన్ఫెక్షన్లే ఎక్కువ. క్రిప్టోకాకస్, నల్ల ఫంగస్ గడ్డలు (కోవిడ్ రోజుల్లో విన్న బ్లాక్ ఫంగస్ కాదు, అది మ్యూకర్), పులిపిర్లు, చర్మ క్యాన్సర్లు మాత్రం ఈ ఆలస్యపు కాలానికి చెందినవి. ఈ క్యాలెండర్‌ను అన్నిసార్లూ నమ్మలేం. మధ్యలో అవయవ తిరస్కారం వచ్చి పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు, యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ అనే గట్టి అణచివేత మందు ఇచ్చారంటే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఐదేళ్ల క్రితం మార్పిడి జరిగినా, పోయిన నెలలో తిరస్కారానికి చికిత్స పొందిన మనిషిని కొత్తగా మార్పిడి జరిగినవాడి కిందే లెక్కేయాలి.

నీటి పొక్కులు, గుంట పడ్డ పొక్కులు

హెర్పిస్ మామూలుగా పెదవి మీద చిన్న గుత్తిగా వచ్చి వారం పది రోజుల్లో ఎండిపోతుంది. ట్రాన్స్‌ప్లాంట్ రోగుల్లో అది వారాల తరబడి మానని పుండుగా మారవచ్చు. మలద్వారం చుట్టూ, జననాంగాల మీద లోతైన పుండ్లు పడితే, పడుకుని ఉండడం వల్ల ఒరుసుకుపోయిందని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. సిగ్గుతో రోగి చెప్పకపోవచ్చు, వార్డు హడావుడిలో ఎవరూ అడగకపోవచ్చు. నెల రోజులుగా మానని ఏ పుండునైనా హెర్పిస్ కాదని తేలేదాకా హెర్పిస్ అనే అనుమానించాలి. అదే చోట సైటోమెగలో వైరస్ పుండు కూడా పడవచ్చు, ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి.

అక్కిని గుర్తుపట్టడం తేలికే. ఒంటికి ఒక పక్కనే, ఒక నరం దారి వెంబడి, ఎర్రటి చర్మం మీద నీటి పొక్కుల వరుస. పొక్కుల కంటే రెండు మూడు రోజుల ముందే ఆ చోట మంట, సలుపు మొదలవుతాయి. ఛాతీ మీద వస్తే గుండెనొప్పేమో, పొత్తికడుపు పక్కన వస్తే మార్పిడి చేసిన కిడ్నీయేమో అన్న టెన్షన్ ముందు వస్తుంది. ముక్కు కొస మీద పొక్కులుంటే కంటికి ముప్పు ఉన్నట్టే లెక్క. అదే రోజు కంటి డాక్టర్ చూడాలి. మూడు లేదా అంతకు మించి నరాల దారుల్లో పొక్కులున్నా, అసలు చోటుకు దూరంగా ఇరవైకి మించి పొక్కులు లేచినా అది ఒళ్లంతా పాకిన అక్కి. దానికి మాత్రలు చాలవు, ఆసుపత్రిలో చేర్చి నరం ద్వారా ఎసైక్లోవిర్ ఇవ్వాలి. రోగిని విడిగా ఉంచాలి కూడా, ఈ దశలో వైరస్ గాలి ద్వారా వ్యాపిస్తుంది కాబట్టి. ఇంకా తిప్పలు పెట్టే రూపం ఒకటుంది. విపరీతమైన కడుపునొప్పి, పెరిగిన లివర్ ఎంజైములతో మొదలై, చర్మం మీద పొక్కులు రోజుల తర్వాత కనిపించడం. పొక్కులు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

నడిమధ్యలో చిన్న గుంట ఉన్న మెరిసే పొక్కు మొలస్కమ్‌కు గుర్తు. పిల్లల్లో కనిపించే హాని లేని వైరస్ జబ్బు అది. పెద్దవాళ్లలో, అదీ అణచివేత మందులు వాడేవాళ్లలో, ముఖం మీద అలాంటి పొక్కులు ఒక్కసారిగా పదుల కొద్దీ లేస్తే మొలస్కమ్ అని తేల్చేయకూడదు. క్రిప్టోకాకస్, హిస్టోప్లాస్మా, ఆగ్నేయాసియా వైపు కనిపించే టలరోమైసిస్ అనే ఫంగస్‌లు అచ్చం అలాగే ఉంటాయి. వాటి వెనుక నెలల జ్వరం, బరువు తగ్గడం, దగ్గు ఉండవచ్చు, ఏమీ లేకపోనూవచ్చు.

మెల్లగా పెరిగే గడ్డలు, వేగంగా నల్లబడే మచ్చలు

రూపం కన్నా వేగం ఎక్కువ చెబుతుంది. ఇది చాలామంది పట్టించుకోని విషయం. మోకాలి కిందో, ముంజేతి మీదో బఠాణీ అంత గడ్డ లేచి, నొప్పి లేకుండా నెలల తరబడి మెల్లగా పెరుగుతూ ఉంటే ఆలోచన మూడు వైపులకు పోవాలి.

ఒకటి, క్షయ జాతికి చెందినవైనా క్షయ కాని మైకోబ్యాక్టీరియా. వీటిలో కీలోనే, అబ్సెసస్, మెరైనమ్, హీమోఫిలమ్ అనే రకాలు చర్మాన్ని పట్టుకుంటాయి. హీమోఫిలమ్ పేరుకు తగ్గట్టు రక్తంలోని ఇనుము ఉంటేనే పెరుగుతుంది, అదీ 30 డిగ్రీల దగ్గర. మామూలు కల్చర్ పలకల మీద 37 డిగ్రీల వేడిలో పెడితే రెండు నెలలైనా ఏమీ మొలవదు, ల్యాబ్ రిపోర్టు చక్కగా నెగటివ్ అని వస్తుంది. డాక్టర్ ముందే ఫోన్ చేసి అనుమానం చెప్పకపోతే అది ల్యాబ్ తప్పు కాదు. చేపల తొట్టి కడిగే అలవాటుందా అన్న ప్రశ్న నీటిలో ఉండే మెరైనమ్ కోసం.

రెండోది, చెట్ల బెరడు, ఎండు కట్టెలు, మట్టిలో ఉండే నల్ల ఫంగస్‌లు. ఆల్టర్నేరియా, ఎక్సోఫియాలా లాంటివి. ముల్లు గుచ్చుకున్న సంగతి రోగి ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. గడ్డ తిత్తిలా మెత్తగా ఉంటుంది కాబట్టి కొవ్వు గడ్డ అనుకుని కోసి పారేస్తారు. కోసినదాన్ని పరీక్షకు పంపితే అసలు సంగతి తెలుస్తుంది, పంపకపోతే కొన్ని నెలలకు పక్కనే ఇంకోటి లేస్తుంది. గడ్డ ఒకటే ఉంటే పూర్తిగా కోసి తీసేయడమే చికిత్సలో ముఖ్యమైన భాగం.

మూడోది నోకార్డియా. చర్మం కింద మెత్తటి చీముగడ్డ రూపంలో కనిపించినా దాని అసలు స్థావరం ఎక్కువగా ఊపిరితిత్తులే, అక్కడి నుంచి తరచుగా మెదడుకూ పోతుంది. చర్మంలో నోకార్డియా దొరికిన ట్రాన్స్‌ప్లాంట్ రోగికి తలనొప్పి లేకపోయినా మెదడు స్కానింగ్, ఛాతీ సీటీ తీయించడం ఇందుకే. కొన్నిసార్లు గడ్డలు ఒకదాని పైన ఒకటిగా చేతి మీదుగా చంక వైపు వరుస కడతాయి. లింఫు నాళాల దారి అది. స్పోరోత్రిక్స్ ఫంగస్, మెరైనమ్, నోకార్డియా మూడూ ఇలా వరుస కట్టగలవు.

గంటల్లో మారేవి పూర్తిగా వేరే కోవకు చెందుతాయి. ఎర్ర మచ్చగా మొదలై, బొబ్బగా మారి, ఒక రోజు తిరక్కముందే నడుమ నల్లగా కమిలి చుట్టూ ఎర్రటి వలయం కట్టిందంటే రక్తంలో సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. ముఖ్యంగా తెల్ల కణాలు బాగా పడిపోయినప్పుడు. మ్యూకర్, యాస్పర్జిల్లస్, ఫ్యుజేరియమ్ అనే బూజు ఫంగస్‌లు కూడా రక్తనాళాల గోడలను చీల్చుకుని లోపలికి పోయి, రక్తం అందక చర్మం నల్లగా చచ్చిపోయేలా చేస్తాయి. రోగి చెప్పే నొప్పికీ పైకి కనిపించే మచ్చకూ పొంతన లేకపోతే అది పెద్ద హెచ్చరిక. బూజు ఎక్కడి నుంచైనా రావచ్చు. 1970ల చివర్లో అమెరికా ఆసుపత్రుల్లో సాగే పట్టీల ద్వారా రైజోపస్ ఫంగస్ రోగుల గాయాలకు సోకిన ఉదంతం నమోదైంది. పట్టీ కింద కొత్తగా పొక్కులు కనిపిస్తే ప్లాస్టర్ పడలేదులే అని వదిలేయకపోవడానికి ఆ అనుభవం ఒక్కటి చాలు. ఇలాంటి నల్ల మచ్చ కనిపిస్తే రిపోర్టుల కోసం ఆగకుండా అదే రోజు ముక్క తీసి, మందు మొదలుపెట్టి, సర్జన్‌ను పిలుస్తారు.

బొడ్డు చుట్టూ వేలిముద్రలు వేసినట్టు ఊదారంగు మచ్చలు లేచాయంటే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు గుర్తుకు రావాలి. ఇది పేగుల్లో దశాబ్దాల పాటు చప్పుడు లేకుండా ఉండగలదు, దాత అవయవంతోనూ రాగలదు. స్టెరాయిడ్ మొదలయ్యాక లెక్కలేనంతగా పెరిగి, పేగుల బ్యాక్టీరియాను వెంటేసుకుని ఒళ్లంతా పాకుతుంది. మామూలుగా పురుగుల జబ్బుల్లో పెరగాల్సిన ఇయోసినోఫిల్ కణాలు స్టెరాయిడ్ వల్ల పెరగవు కాబట్టి రక్తపరీక్ష కూడా సాయం చేయదు. మందు ఐవర్‌మెక్టిన్. ఆలస్యమైతే ప్రాణాంతకం.

నెమ్మదిగా, మర్యాదగా మోసం చేసేవి

గజ్జి అంటే రాత్రిళ్లు నిద్రపట్టని దురద. ఆ దురద కూడా రోగనిరోధక వ్యవస్థ ప్రతిస్పందనే. దాన్ని అణచేస్తే దురద తగ్గి, పురుగులు మాత్రం అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతాయి. మామూలు గజ్జిలో ఒక మనిషి మీద పది పదిహేను పురుగులుంటాయి, పొలుసుల గజ్జిలో వేలూ లక్షలూ ఉంటాయి. అరచేతులు, మోచేతులు, నెత్తి, గోళ్ల కింద మందంగా పొలుసులు కడతాయి. సోరియాసిస్ అనో ఎగ్జిమా అనో స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే ఇంకా పెరుగుతుంది. ఇంట్లోవాళ్లకో, వార్డు నర్సులకో దురద మొదలైనప్పుడు గానీ అసలు రోగి మీద అనుమానం రాదు.

తామరది కూడా ఇదే దారి. స్టెరాయిడ్ క్రీమ్ పడ్డ తామరకు గుండ్రటి అంచు పోయి ఏదో దద్దురులా కనిపిస్తుంది. వెంట్రుక కుదుళ్లలోకి దిగితే కాళ్ల మీద ఎర్రటి గట్టి బొడిపెలు లేస్తాయి. నోటిలో కాండిడా తెల్లపూత అందరికీ తెలిసినదే, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వీపు, ఛాతీ మీద ఒకే సైజులో, ఒకేసారి లేచే చిన్న పొక్కులు ఎక్కువగా స్టెరాయిడ్ మొటిమలు. దురద కూడా ఉంటే మలసీజియా ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ.

పులిపిర్లను నిర్లక్ష్యం చేయడం చాలా సాధారణం, బహుశా అన్నిటికన్నా ఖరీదైన నిర్లక్ష్యం అదే. మార్పిడి జరిగి ఏళ్లు గడిచేకొద్దీ వాటి సంఖ్య పెరుగుతుంది, మామూలు చికిత్సకు లొంగవు. వాటి నడుమే స్క్వామస్ సెల్ క్యాన్సర్ అనే చర్మ క్యాన్సర్ పుట్టుకొస్తుంది. ఈ క్యాన్సర్ ముప్పు మామూలు జనంతో పోలిస్తే 60 రెట్లకు పైగా ఉంటుందని తెల్లజాతి రోగుల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. నల్లని, చామనఛాయ చర్మం ఉన్నవారిలో ముప్పు తక్కువే కానీ, వచ్చినప్పుడు ఎండ తగలని చోట్ల, జననాంగాల దగ్గర, పులిపిర్లు తెచ్చే పాపిలోమా వైరస్ ఉన్న మచ్చల్లో వస్తుంది. ముఖం, చేతులు మాత్రమే చూసి పంపేసే చెకప్ వీళ్లకు పనికిరాదు.

ముక్కు, బుగ్గల మీద మొలకల్లా చిన్న ముళ్లు లేచి, కనుబొమలు ఊడిపోయే ఒక వింత జబ్బు ట్రాన్స్‌ప్లాంట్ రోగుల్లోనే ఎక్కువగా కనిపించేది. సైక్లోస్పోరిన్ దుష్ఫలితమని అనుకునేవారు. 2010లో ఒక గుండె మార్పిడి రోగి ముఖం మీది ముళ్లలోనే దానికి కారణమైన కొత్త పాలియోమా వైరస్‌ను కనిపెట్టారు. కపోసి సార్కోమా కూడా ఈ కోవలోదే. చూడ్డానికి కమిలిన ఊదారంగు మచ్చ, కారణం 1994లో గుర్తించిన ఎనిమిదో రకం హెర్పిస్ వైరస్. టాక్రోలిమస్ లాంటివి ఆపి సిరోలిమస్ అనే మరో అణచివేత మందుకు మారిస్తే చాలామందిలో ఆ మచ్చలు కరిగిపోతాయి.

ఎరుపు అన్న మాట ఇక్కడ పదే పదే వచ్చింది. వైద్య పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్ల చర్మం మీదివి. చామనఛాయ, నల్లని చర్మం మీద ఎరుపు ఎరుపులా కనిపించదు. చుట్టుపక్కల చర్మం కంటే ముదురుగానో, ఊదాగానో, బూడిదరంగులోనో కనిపిస్తుంది, ఒక్కోసారి ఏమీ కనిపించదు. చేతి వెనుక వైపుతో తాకి రెండు కాళ్ల వేడిని పోల్చడం, నొక్కితే గట్టిగా ఉందా మెత్తగా ఉందా చూడడం, అవతలి కాలితో పక్కపక్కన పెట్టి చూడడం అక్కడ కంటి కన్నా నమ్మకమైన పద్ధతులు.

ఇన్ఫెక్షన్‌లా కనిపించే ఇతర జబ్బులు

ప్రతి మచ్చా క్రిమి వల్లే రాదు. కోట్రైమోక్సజోల్ పడక ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు. సైక్లోస్పోరిన్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది కాబట్టి కాలి బొటనవేలు ఎర్రగా వాచితే సెల్యులైటిస్ కంటే గౌట్ అవకాశమే ఎక్కువ కావచ్చు. కాలేయ మార్పిడి జరిగిన రెండు నుంచి ఎనిమిది వారాల్లో దద్దుర్లు, విరేచనాలు, పడిపోతున్న రక్తకణాలు మూడూ కలిసి వస్తే దాత కణాలే గ్రహీత శరీరం మీద తిరగబడ్డాయని అనుమానించాలి. ఆ స్థితిలో లివర్ పరీక్షలు మాత్రం బాగానే ఉంటాయి, ఎందుకంటే ఆ లివర్ దాతదే, దాత కణాలకు అది పరాయిది కాదు. ఈ లక్షణాలు వైరస్ జ్వరంలా కనిపించడం వల్ల రోజులు వృథా అవుతాయి.

ముక్క తీయడంలో మెలకువ

కంటితో ఇన్ని పోలికలు కుదురుతున్నప్పుడు తేల్చేది బయాప్సీయే. అణచివేత మందులు వాడే మనిషి చర్మం మీద కొత్తగా వచ్చి, పేరు తేలని గడ్డను, పుండును మొదటి విజిట్‌లోనే ముక్క తీయడం అతి జాగ్రత్త కాదు. మామూలు రోగిలో ముందు మందు వాడి చూసి, తగ్గకపోతే ముక్క తీయడం రివాజు. ఇక్కడ ఆ వరుసను తిరగేయాలి.

తీసిన ముక్క మొత్తాన్నీ ఫార్మలిన్‌లో వేయడం తరచూ జరిగే పొరపాటు. ఫార్మలిన్‌లో పడ్డ క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో ఏదీ మొలవదు. ఒక ముక్క ఫార్మలిన్‌లో పాథాలజీకి, ఇంకోటి శుభ్రమైన సెలైన్‌లో మైక్రోబయాలజీకి పోవాలి. అక్కడ బ్యాక్టీరియా, ఫంగస్, మైకోబ్యాక్టీరియా మూడింటి కల్చర్లూ అడగాలి. గడ్డ లోతుగా ఉంటే పైపైన తీసిన పంచ్ బయాప్సీలో చర్మం తప్ప ఏమీ రాదు, కొవ్వు పొర దాకా కోసి తీయాల్సి వస్తుంది. నీటి పొక్కుల విషయం తేలిక. పొక్కు పైభాగం తీసి అడుగున స్వాబ్‌తో రుద్ది పీసీఆర్‌కు పంపితే హెర్పిస్‌నూ అక్కినీ త్వరగా విడదీయవచ్చు. సోరియాసిస్ అనుకున్న పొలుసును గీకి మైక్రోస్కోప్ కింద పెడితే గజ్జి పురుగు నడుస్తూ కనిపిస్తుంది.

రోగి వైపు నుంచి చేయగలిగింది కూడా కొంత ఉంది. స్నానం చేసేటప్పుడు వేళ్ల సందులు, పిరుదులు, నెత్తి కూడా చూసుకోవడం, కొత్త మచ్చ కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి తేదీతో ఫొటో తీసుకోవడం. వేగం గురించి డాక్టర్ అడిగే ప్రశ్నకు ఆ ఫొటోలే జవాబు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మూడు మందులు కలిసిన క్రీమ్ రాయడం మాత్రం చేయకూడదు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, మిగిలిన ఆనవాళ్లను అదే చెరిపేస్తుంది. నల్లబడుతున్న మచ్చ, మచ్చతో పొంతన లేనంత నొప్పి, కంటి దగ్గర పొక్కులు, గంటల్లో పాకుతున్న వాపు, చర్మం మీది గుర్తుతో పాటు తలనొప్పి గానీ మగత గానీ ఉంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగే విషయాలు కావు. చికెన్‌పాక్స్ ఎప్పుడూ రానివారు ఆ జబ్బున్న మనిషికి దగ్గరగా మెలిగినా అంతే. పొక్కుల కోసం ఎదురుచూడకుండా ఫోన్ చేయాలి, ఎందుకంటే రక్షణ కోసం ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు పది రోజుల గడువే ఉంది, అందులోనూ ఎంత ముందైతే అంత మంచిది.

పేరు తెలిశాక మొదలయ్యే చిక్కులు

జబ్బు పేరు తేలితే సగం పని అయినట్టే అనుకుంటాం. ట్రాన్స్‌ప్లాంట్ రోగుల్లో అసలు లెక్కలు అక్కడే మొదలవుతాయి. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ రెండూ లివర్‌లోని ఒకే ఎంజైమ్ ద్వారా అరుగుతాయి. మైకోబ్యాక్టీరియాకు వాడే రిఫాంపిసిన్ ఆ ఎంజైమ్‌ను రెచ్చగొడుతుంది. రక్తంలో టాక్రోలిమస్ పడిపోయి, చర్మం బాగుపడేలోపు కిడ్నీ తిరస్కారానికి గురికావచ్చు. అందుకే వీలైన చోట రిఫాబ్యుటిన్‌కు మారుస్తారు. ఫంగస్‌కు ఇచ్చే వొరికొనజోల్, బ్యాక్టీరియాకు ఇచ్చే క్లారిత్రోమైసిన్ సరిగ్గా దీనికి ఎదురు. అవి ఎంజైమ్‌ను ఆపేసి టాక్రోలిమస్‌ను విషపు స్థాయికి పెంచుతాయి. వొరికొనజోల్ మొదలుపెట్టేటప్పుడు టాక్రోలిమస్‌ను మూడో వంతుకు తగ్గించమని సూచన ఉంది. పక్క ఊరి చర్మ డాక్టర్ రాసిన మందును ట్రాన్స్‌ప్లాంట్ బృందానికి చెప్పకుండా మింగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

అణచివేత తగ్గించడం కూడా చికిత్సలో భాగమే, కానీ ఒక్కసారిగా తగ్గించకూడదు. అవయవానికి ముప్పు ఒక్కటే కారణం కాదు. క్రిప్టోకాకస్ లాంటి వాటిలో రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా మేలుకుంటే, చచ్చిన ఫంగస్ మీద కూడా విరుచుకుపడి వాపును పెంచుతుంది. చర్మం మీది గడ్డలు మందు వేశాక పెద్దవైతే మందు పనిచేయడం లేదని అర్థం కాకపోవచ్చు. కల్చర్లు శుభ్రంగా ఉండి గడ్డ మాత్రమే పెరుగుతోందా అన్నది చూసి నిర్ణయించాలి. నోకార్డియాకైతే చర్మం మాని నున్నగా అయ్యాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా మందు ఆపరు.

నివారణ వైపు వస్తే టీకాలకు మంచి సమయం మార్పిడికి ముందే. చికెన్‌పాక్స్ టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందు వేయించుకోవాలి, తర్వాత సాధారణంగా ఇవ్వరు. అక్కికి వచ్చిన కొత్త టీకాలో బతికున్న వైరస్ లేదు, మార్పిడి తర్వాత కూడా వేయవచ్చు. రోగనిరోధక శక్తి తగ్గిన 18 ఏళ్లు నిండినవారికి దాన్ని వాడేందుకు అమెరికా 2021లో అనుమతించింది.

వొరికొనజోల్ గురించి ఇంకో మాట మిగిలింది. ఫంగస్ నుంచి కాపాడే ఈ మందు చర్మాన్ని ఎండకు తట్టుకోలేనిదిగా చేస్తుంది. కాసేపు ఎండలో ఉంటే ముఖం కాలినట్టు అవుతుంది. ఊపిరితిత్తుల మార్పిడి జరిగి నెలలు, ఏళ్ల తరబడి దీన్ని వాడినవారిలో స్క్వామస్ సెల్ క్యాన్సర్లు పెరిగాయని తేలింది. దీర్ఘకాలం ఫంగస్ మందు తప్పనప్పుడు పొసకొనజోల్ లాంటి దానికి మార్చడం, మార్చలేనప్పుడు సన్‌స్క్రీన్, నిండు చేతుల బట్టలు, చర్మ డాక్టర్ దగ్గర చెకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టుకోవడం ఇప్పుడు మామూలు పద్ధతి అయింది.